క్రోటన్‌ని హాలు మూలలో పెట్టమని రాయకండి

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం పేజీలో ఇంటి అలంకరణ మీద ఒక వ్యాసం వేశారు. అందులో క్రోటన్ మొక్క ఫొటో పెద్దగా వేసి, ఇది ఎండ అక్కర్లేని మొక్క అనీ, హాల్లో ఏ మూల పెట్టినా, ఏసీ కింద పెట్టినా రంగులీనుతుందనీ, పైగా గదిలో గాలిని శుభ్రం చేస్తుందనీ రాశారు. ఫొటో చాలా బాగుంది. రాసిన మాటలు మాత్రం తప్పు. ఆ తప్పు వల్ల మా ఎదురింట్లో ఒక ఆడపిల్ల మాట పడుతోంది. అందుకే 19 ఏళ్లుగా మీ పేపరు తెప్పించుకుంటున్న నేను మొదటిసారి ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైనా పూర్తిగా చదవండి.

నేను మల్కాజిగిరిలో ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మొక్కల గురించి చెప్పడానికి ఈవిడెవరు అనుకుంటారేమో, మా పుట్టిల్లు బుర్రిలంక. రాజమండ్రి దగ్గరి కడియం పక్కనే. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, ఆ చుట్టుపక్కల ఇళ్లకన్నా నర్సరీలే ఎక్కువ కనిపిస్తాయి. మాకు సొంత నర్సరీ లేదు. మా నాన్న మొక్కలకి అంట్లు కట్టే పనికి వెళ్లేవాడు, మా అమ్మ కవర్లలో మట్టి నింపే కూలికి వెళ్లేది. బడి సెలవుల్లో నేనూ అమ్మ పక్కన కూర్చునేదాన్ని. నల్ల కవర్లో మట్టి పోసి, క్రోటన్ కొమ్మ గుచ్చి, చుట్టూ వేళ్లతో అదమడం నాకు ఎక్కాలు రాకముందే వచ్చు.

ఆ క్రోటన్లలో ఎన్ని రకాలని! ఆకు రిబ్బనులా సన్నగా సాగేది ఒకటి, మెలికలు తిరిగేది ఒకటి, పచ్చటి ఆకు మీద పసుపు చల్లినట్టు చుక్కలుండేది ఒకటి. ఇంకో రకం ఉంటుంది, ఆకు సగం దాకా వచ్చి ఆగిపోయి, ఉత్త ఈనె మాత్రం దారంలా కొంచెం సాగి, దాని చివర మళ్లీ చిన్న ఆకు వేలాడుతుంది. చిన్నప్పుడు దాన్ని గంటలు గంటలు చూసేదాన్ని. వెడల్పాటి ఆకుల పెట్రా రకం ఇప్పుడు అందరి ఇళ్లలో కనిపిస్తోంది. మీరు ఫొటో వేసింది కూడా అదే.

ఇవన్నీ నర్సరీలో ఉండేది ఎక్కడనుకున్నారు? లేతవి గ్రీన్ నెట్ కింద, కాస్త ముదిరినవి ఆరుబయట. నెట్ కింద అంటే చీకటి కాదు, నెట్టు గుండా దిగే ఎండ. మన పాత ఇళ్లు గుర్తు చేసుకోండి. వీధరుగు పక్కన, వరండా మెట్లకి అటూ ఇటూ, బడి గేటు దగ్గర, రైల్వే స్టేషన్లలో, కావిరంగు పూసిన కుండీల్లో ఉండేవి క్రోటన్లు. మా అమ్మమ్మ కాలంలో ఎవరూ వాటిని నడింట్లో పెట్టలేదు. వాళ్లేమీ పుస్తకాలు చదివి అలా చెయ్యలేదు, మొక్కని చూసి చేశారు.

ఇప్పుడు అసలు విషయం. పోయిన కార్తీకమాసంలో మా ఎదురు ఫ్లాట్ కొత్త కోడలు ఒక క్రోటన్ కొనుక్కుంది. పెళ్లయి అప్పటికి నాలుగు నెలలు. మొక్క ఖరీదు 650 రూపాయలు. కుండీ మీద ఇండోర్ ప్లాంట్, తక్కువ వెలుతురు చాలు అని స్టిక్కరు అంటించి ఉంది. మొక్క పేరు కూడా లేదు దాని మీద. అమ్మిన వాళ్ల మాట నమ్మి టీవీ స్టాండుకీ బీరువాకీ మధ్య పెట్టుకుంది. వారం తిరగకుండానే కింది ఆకులు రాలడం మొదలైంది. ఆకులు రాలుతున్నాయంటే నీళ్లు చాలడం లేదనుకుని పూటపూటా పోసింది. కుండీ కింద ప్లేటు నిండా ఎప్పుడూ నీళ్లే. ఇంకా రాలాయి. రోజూ తెల్లారగట్ల అత్తగారు లేవకముందే లేచి ఆ రాలిన ఆకులు ఏరి కవర్లో దాచేదట. ఈ సంగతి ఆ అమ్మాయి నాకు తర్వాత చెప్పింది.

దాచినా దాగుతాయా? అత్తగారు చూడనే చూశారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నాకు జ్వరం వస్తే జావ కాచి తెచ్చిన మనిషి. కానీ నలుగురిలో ఒక మాట అనేశారు, "మా కోడలిది చేతి చలవ లేని చెయ్యి" అని. ఇంట్లో పచ్చటి మొక్క ఎండిపోవడం మంచిది కాదని ఎవరో ఇంకో మాట కలిపారు.

ఒకరోజు సాయంత్రం లిఫ్టు దగ్గర కనిపించింది ఆ పిల్ల, కుండీ పొదివి పట్టుకుని. "ఎక్కడికమ్మా?" అన్నాను. "చెత్త డ్రమ్ములో వేసొస్తా ఆంటీ. నా చెయ్యి మంచిది కాదంట" అంది. కళ్లనిండా నీళ్లు.

కుండీ నేను తీసుకున్నాను. కాండం మీద గోటితో కొంచెం గీరి చూశాను. పైపొర కింద లేత పచ్చగా, తడిగా ఉంది. "ఇది బతికే ఉంది, చూడు" అని చూపించాను. కొసన నాలుగు ఆకులు మిగిలాయి. మూడింటికి రంగు ఉంది, అవి నర్సరీలో పుట్టినవి. నాలుగోది ఈ ఇంటికి వచ్చాక వచ్చిన చిగురు. పెట్రా కొత్త ఆకుకి కనీసం ఈనెల వెంట పసుపు రావాలి. ఇది పసుపు చారే లేకుండా గోరింటాకులా ఉత్త పచ్చగా ఉంది. ఆ ఒక్క ఆకు చాలు, జబ్బేమిటో తెలిసిపోయింది. వెలుతురు తక్కువైన చోట మొక్క రంగుల సంగతి పక్కనపెట్టి, తిండి వండుకోవడానికి పనికొచ్చే పచ్చదనమే పెంచుకుంటుంది. అంత వెలుతురు కూడా లేకపోతే పాత ఆకుల్ని పోషించలేక వదిలేస్తుంది. ఎండలో పెరిగిన మొక్కని ఒక్కరోజులో చీకటి మూలకి మారిస్తే అంతేమరి. చెయ్యి మంచిదో చెడ్డదో అన్న మాటకి ఇందులో చోటే లేదు.

మా హాలు చీకటిగా లేదే అంటారు అందరూ. ఇక్కడే మన కళ్లు మనల్ని మోసం చేస్తాయి. చీకట్లోకి వెళ్లినా కాసేపటికి కంటికి అలవాటైపోతుంది, అంతా బాగానే కనిపిస్తున్నట్టు ఉంటుంది. నాకు 54 ఏళ్లు. నల్ల జాకెట్టు మీద నల్ల దారంతో హెమ్మింగ్ చెయ్యాలంటే కిటికీకి రెండడుగుల లోపల కూర్చోవాలి. ఇంకో రెండడుగులు వెనక్కి జరిగితే కుట్టు పడిందో లేదో తెలియదు. హాలు మధ్యకి వెళ్తే పట్టపగలు ట్యూబులైటు వేసుకున్నా తడుముకోవాలి. కానీ కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు అదే హాల్లో నిలబడి "మీ ఇల్లు ఎంత వెలుతురుగా ఉందండీ" అంటారు. కాబట్టి నేను అందరికీ చెప్పే కొలత ఒకటే. మధ్యాహ్నం మూడింటికి లైటు వెయ్యకుండా నల్ల గుడ్డ మీద నల్ల దారం కనిపించే చోటు ఇంట్లో ఎక్కడుందో చూసుకోండి. క్రోటన్ అక్కడ పెట్టండి. పొద్దుటి పూట రెండు మూడు గంటలు నేరుగా ఎండ పడితే మరీ మంచిది. తూర్పు కిటికీ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. పడమటి కిటికీ అయితే ఎండాకాలం మధ్యాహ్నాలు పల్చటి కర్టెన్ వేస్తే చాలు.

ఆ మొక్కని నేను ఎలా లేవదీశానో కూడా రాస్తాను, చాలామంది ఇళ్లలో ఇదే అవస్థ కాబట్టి. ముందు మట్టితో సహా బయటికి తీశాను. అడుగు మట్టి బురద, పుల్లటి వాసన. వేళ్ల కొసలు గోధుమరంగుకి తిరిగి, పట్టుకుంటే తోలు ఊడి వస్తోంది. మెత్తబడినవి కత్తిరించి, బాగున్న వేళ్లు ఉంచాను. ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపి, అంతకుముందు కన్నా చిన్న కుండీలో పెట్టాను. పెద్ద కుండీ పెడితే బాగా పెరుగుతుందనుకుంటారు, వేళ్లు తక్కువున్న మొక్కకి పెద్ద కుండీలో తడి ఆరదు. మొదటి వారం మిషను పక్కన, ఎండ నేరుగా పడని చోట. రెండో వారం కిటికీ గట్టు మీద. తొందరపడి ఒక్కసారే ఎండలో పెడితే మిగిలిన నాలుగు ఆకులూ మాడిపోయేవి. రెండో కణుపు దాకా వేలు మట్టిలో గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే నీళ్లు. అది కూడా అడుగు కన్నంలోంచి కారేదాకా పోసి, ప్లేటులో చేరినవి పారబోయడం. ఎరువు ఏమీ వెయ్యలేదు. జ్వరం మనిషికి విందు పెడతామా?

మార్గశిరం, పుష్యం మొత్తం ఏమీ జరగలేదు. ఆ అమ్మాయి రెండురోజులకోసారి వచ్చి చూసి వెళ్లేది. చలికాలంలో క్రోటన్ కదలదు, ఓపిక పట్టమన్నాను. రాత్రిళ్లు మాత్రం కిటికీ మూసేదాన్ని, పది డిగ్రీల చలికి దిగితే అది తట్టుకోదు. శివరాత్రికి చలి శివ శివా అంటూ వెళ్లిపోతుందంటారు కదా, సరిగ్గా ఆ తర్వాత వారం పొద్దున టీ గ్లాసు పట్టుకుని కూర్చుంటే, ఆకు రాలిన ఒక మచ్చ పైన ఆవగింజంత ఉబ్బు కనిపించింది. మర్నాటికి ఇంకో రెండు. పది రోజుల్లో విచ్చుకున్నాయి. ఆకు కొసన లేత పచ్చ, నడి ఈనె వెంట నిమ్మపండు పసుపు. అది చూసి ఆ పిల్ల నన్ను పట్టుకుని ఏడ్చింది. పెట్రాకి ఎరుపు వెంటనే రాదు, ఆకు ముదిరేకొద్దీ పసుపు నారింజకీ, నారింజ ఎరుపుకీ తిరుగుతుంది. వెలుతురు ఉంటేనే సుమా.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, మీ వ్యాసంలో దీని ఊసే లేదు. క్రోటన్ కొమ్మ విరిచినా, ఆకు తుంచినా జిగురు కారుతుంది. కొందరికి చర్మం మీద దద్దురు వస్తుంది. నోట్లో పెట్టుకుంటే మంట, కడుపులో తిప్పడం. పాకే పిల్లలు, కుక్కలు, పిల్లులు ఉన్న ఇంట్లో అందనంత ఎత్తున పెట్టాలి. బట్ట మీద పడితే మరక పోదు. ఈ మొక్క కొస కత్తిరించినప్పుడు నేను చేతులు సరిగ్గా కడుక్కోకుండా మిషను ఎక్కాను. ఒకావిడ పెళ్లి చీరలో జాకెట్టు ముక్క, మీగడ రంగు పట్టు, దాని మీద వేలి ముద్రంత మరక. మొదట కనపడలేదు, మర్నాటికి గోధుమరంగుకి తిరిగింది. సబ్బు, నిమ్మకాయ, పెట్రోలు, ఏదీ పనిచెయ్యలేదు. 1,400 రూపాయలు పెట్టి అలాంటి గుడ్డే వెతికి కొనిచ్చాను. డబ్బు సరే, పెళ్లికూతురి ముందు తలెత్తుకోలేకపోయాను.

మా అమ్మాయి బీఎస్సీలో బోటనీ చదివింది. క్రోటన్ ఆముదం చెట్టుకి దాయాది అని తనే చెప్పింది. కర్రపెండలం, రబ్బరు చెట్టు కూడా అదే కుటుంబం. క్రోటన్ పుట్టిల్లు ఇండోనేషియాలోని మలుకు దీవులు, న్యూగినియా, ఆస్ట్రేలియా ఈశాన్య కొస, ఆ ప్రాంతాలు. వానలు, ఉక్క, కావాల్సినంత ఎండ ఉండే చోట్లు. అక్కడ మనిషి కన్నా ఎత్తు పెరిగే పొద ఇది. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని క్రోటన్ జాతిలో కలిపి పేరు పెట్టాడు. తర్వాత శాస్త్రవేత్తలు విడదీసి కోడియం అన్నారు. అయినా జనం నోట పాత పేరే ఉండిపోయింది. శాస్త్రం ప్రకారం ఇప్పటికీ అసలు క్రోటన్లంటే మన నేపాళం గింజల మొక్క, దాని జాతివే. ఈ పేరు గొడవ మన కుండీకి అవసరం లేదు గానీ, ఉక్కపోత దేశం నుంచి వచ్చిందన్నది మాత్రం అవసరం. ఏసీ గాలి నేరుగా తగిలితే చల్లదనం ఒకటి, పొడిదనం ఒకటి, రెండూ దానికి పడవు. పొడిగాలిలో ఆకుల అడుగున ఎర్రనల్లి అనే సన్నటి పురుగు చేరుతుంది. కంటికి సరిగ్గా ఆనదు, సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే వచ్చినట్టే. వారానికోసారి తడిగుడ్డతో ఆకుల రెండు వైపులా తుడిస్తే చాలావరకు రాదు. దుమ్మూ పోతుంది.

గాలి శుభ్రం చేస్తుందన్న మాట గురించి కూడా మా అమ్మాయినే అడిగాను. ఈ మాటలన్నీ 1989 నాటి నాసా ప్రయోగాల నుంచి పుట్టాయట. అవి మూసేసిన చిన్న పెట్టెల్లో మొక్కలు పెట్టి చేసినవి. మన ఇళ్లు మూసిన పెట్టెలు కావు. 2019లో అమెరికాలో డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్లు పాత ప్రయోగాలెన్నింటినో మళ్లీ లెక్కకట్టి చూస్తే, ఇంట్లోకి మామూలుగా వచ్చిపోయే గాలి చేసే పని మొక్కలు చెయ్యాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలిందట. అంతకన్నా కిటికీ తీసుకుంటే సరిపోతుంది. మొక్కకి వెలుతురూ అందుతుంది.

నిజంగా వెలుతురు తక్కువున్న హాలైతే మనీ ప్లాంటో, స్నేక్ ప్లాంటో పెట్టుకోమని రాయండి. రంగు కావాలంటే అగ్లోనిమా కొంత నయం, దానికీ మరీ చీకటి పనికిరాదు. రంగురంగుల కలేడియం కొన్నవాళ్లకి ఒక మాట చెప్పండి. చలికాలంలో దాని ఆకులన్నీ వాలిపోతాయి, దుంప మట్టిలో పడుకుని ఉంటుంది, చచ్చిపోయిందని పారెయ్యొద్దు అని. ఆ దుంపలు ఎన్ని చెత్తబండి ఎక్కుతున్నాయో తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

నర్సరీల వాళ్లకీ, ఇంటికి మొక్కలు పంపే వాళ్లకీ మీ పేపరు ద్వారా ఒక విన్నపం. కుండీకి ఒక చీటీ కట్టండి, తెలుగులో. మొక్క పేరు, ఎంత వెలుతురు కావాలో, జిగురు ప్రమాదమో కాదో. ఈ మూడు సంగతులు చాలు. మా నాన్న లాంటివాళ్లు వానాకాలంలో బెరడు ఉంగరంలా తీసి, తడి పీచు చుట్టి, వేళ్లొచ్చేదాకా కాసుకుని అంటు దింపుతారు. లారీ ఎక్కి 400 కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి వచ్చిన మొక్క అది. ఎక్కడ పెట్టాలో ఒక్క మాట చెప్పకపోవడం వల్ల పన్నెండు రోజుల్లో చెత్తలోకి పోవడం అన్యాయం కదండీ.

ఉగాది నాడు ఆ కుండీని తొమ్మిది కొత్త ఆకులతో వాళ్లింటికి తిరిగి పంపాను. తూర్పు బాల్కనీ తలుపు పక్కన పెట్టుకుంది. వాళ్ల అత్తగారు కూడా చూసి ముచ్చటపడ్డారు. అంతా సర్దుకుందనుకున్నాను. అప్పుడు మీ ఆదివారం పేజీ వచ్చింది. ఆవిడ చదివి, "పేపర్లోనే రాశారు మూలలో, ఏసీ కింద కూడా పెరుగుతుందని. మరి మనింట్లో అప్పుడెందుకు ఎండింది?" అని కోడలిని అడిగారు. అడగడమే కాదు, కుండీని మళ్లీ తీసుకెళ్లి టీవీ పక్కన పెట్టారు. సరిగ్గా దాని పైనే ఏసీ. ఈ ఎండల్లో అది రాత్రంతా ఆడుతూనే ఉంటుంది. నిన్నటికి ఐదు ఆకులు రాలాయి. ఆ అమ్మాయి మళ్లీ తెల్లారగట్ల లేస్తోంది.

నేను వెళ్లి చెప్పాను. "మీరు కుట్టుపని చేసేవారు, వాళ్లు చదువుకుని రాసినవారు కదా వదినగారూ" అన్నారావిడ. తప్పు పట్టను, పేపర్లో పడిన మాట మీద అంత గురి ఆవిడకి. అందుకే అడుగుతున్నాను. వచ్చే ఆదివారం అదే పేజీలో, కనపడేంత అక్షరాలతో, క్రోటన్‌కి ఎండ కావాలనీ, ఏసీ గాలి పడదనీ ఒక నాలుగు లైన్ల సవరణ వెయ్యండి. నా ఉత్తరం వెయ్యకపోయినా ఫరవాలేదు, ఆ నాలుగు లైన్లు వెయ్యండి. ఆవిడ పొద్దున్నే ముందు ఆ పేజీయే తీస్తారు.

ఇట్లు
మీ పాఠకురాలు,
బుర్రిలంక ఆడపడుచు,
మల్కాజిగిరి, హైదరాబాద్.